ఏ సెట్టుకి?

గాంధీ రోడ్డులో వాద్యాల అంగడి.
అద్దంబల్ల మీద రెండు రోజన్ బిళ్ళలు పెట్టాడు అంగడాయన.
ఒకటి తేనెరంగు, కింద పెట్టిన వేలిగీతలు పైకి కనిపిస్తాయి.
ఇంకోటి పాకం ముదిరిపోయిన బెల్లం.

"ఏది మంచిదన్నా?"
"రెండూ మంచివే. ఎక్కడ వాయిస్తావు?"

ఎక్కడని చెప్పేది.
కపిలతీర్థం రోడ్డు తారు చెప్పులకంటుకునే మే నెల
మేడమీది రేకుల గదిలో సాధకం.
పోయినేడు నల్లబిళ్ళ కరిగి
చుట్టిన గుడ్డతో సహా పెట్టెకు అతుక్కుంది.
మంద్ర పంచమం మీద కమాను ఆనిస్తే
జిడ్డుచేత్తో తలుపు లాగినట్టు కిర్రుమంది.

మార్గశిరంలో కొండమీద,
మంచు మైకులోకి కూడా దూరే తెల్లవారుజామున
తేనెబిళ్ళ ఎంత రుద్దినా
తడిమెట్ల మీద పాదంలా జారిపోయింది కమాను.
వేళ్ళు మాత్రం పాడుకుంటూ పోయాయి, శబ్దం లేకుండా.

నాదముని మేస్టారు బిళ్ళను గోటితో గీకి
నెయ్యి కొనేవాడిలా వాసన చూసేవారు.
"గుర్రపు వెంట్రుకకు పొగరు జాస్తి అమ్మే.
తీగను ఉత్తపుణ్యానికి పట్టుకోదు,
దానికో సాకు చూపించాల."
ఎంత సాకో మాత్రం చెప్పలేదు.

ఒకసారి చిత్తూరులో, కట్టమంచి దగ్గర కచేరీ.
పెట్టె తెరిస్తే బిళ్ళ లేదు.
పాడే ఆవిడ అప్పటికే గొంతు సవరించుకుంది.
మైకుసెట్టు చెంగల్రాయుడు
సోల్డరింగు డబ్బా మూత తీసి
"ఇది పనికొస్తాదా మేడం?" అన్నాడు.
పలుగురాయంత ముద్ద. ఒక పక్క సీసం మరక,
కాలిన వైరు వాసన.
రుద్దాను. ఎవరైనా చూస్తారేమోనని
కొంగు అడ్డం పెట్టుకొని రుద్దాను.

ఆ రాత్రి నాటకురంజి
గొంతులో ఇసుకతో లేచింది.
గాంధారం దగ్గర ఏదో పట్టుకుంది,
పట్టుకొని వదల్లేదు.
ముందువరసలో వక్క నములుతున్నాయన
నమలడం ఆపాడు.

"ఏమ్మా, ఏది కట్టమంటావు?"
తేనెదే కట్టమన్నాను, ఎండలు ముందున్నాయి కదా.
చిల్లర లెక్కపెట్టుకొని బయటికొచ్చాను.

బస్సెక్కకుండా
రైలుస్టేషను వెనక సందులోకి తిరిగాను.
రేడియోలు బాగుచేసే పెద్దాయన
విప్పిన పెట్టెలోంచి తల ఎత్తలేదు.

"రోజన్ ముద్ద ఉందా?"
"ఏ సెట్టుకి?"

కాసేపు ఆలోచించి చెప్పాను,
"నాలుగు తీగల సెట్టు."