పాచిక

మార్కాపురంలో విరిగిన పలకకు కరువు లేదు.
ఒక ముక్క మీద బలపంతో
వెలిగొండ గీశాను, కొండలో గుహ,
గుహలో నీళ్లను చుట్టుకుని పడుకున్న రెక్కల పాము.

"చెప్పండి, మీరెవరు?"
"మంత్రగత్తెను" అంది కాశింబీ, అడగడమే ఆలస్యం.
ఇమ్మానియేలు కత్తి అడిగాడు. ఇంకోటి కూడా అడిగాడు.
ఆరేళ్ల చెన్నమ్మ గోడకేసి చూసి చూసి
"నేను చెన్నమ్మనే. కాకపోతే పెద్దదాన్ని."

చింతగింజలు ఎగరేసిన చేతుల్లో
ఇరవై ముఖాల పాచిక.
ఇమ్మానియేలుకు పారలేదు.
కత్తులు రెండూ పుటుక్కుమన్నాయి,
వాడు నిజంగానే ఏడ్చాడు.
ఒకటిని పదకొండని చదువుదామా అనిపించింది.
కాశింబీ వంగి చూస్తోంది. చదవలేదు.

చెన్నమ్మ వంతు.
"పాము పిల్లలు ఏం తాగుతాయి?"
నా కథలో పాముకు పిల్లల్లేవు.
బలపం తీసుకుని మూడు గీశాను,
ఒకదానికి రెక్కలు ఇంకా రాలేదు.

అంతలో వీధి మలుపులో ట్యాంకర్ హారన్.
మంత్రగత్తె, కత్తుల్లేని వీరుడు, పెద్ద చెన్నమ్మ
బిందెలు లాక్కుని ఒకటే పరుగు.
"పలక తుడవొద్దక్కో!"

పాచిక కోసం చాప దులిపాను. లేదు.
బయట బిందెల వరుసలోంచి
ఎవరో గట్టిగా అరిచారు,
"పద్దెనిమిది! ముందు మాదే!"