ఆరు నెలల కాగితం

విజయవాడ నుంచి వచ్చిన కాగితంలో
నా పేరు, కింద ఆరు నెలలు.
పాసైనా. నంబరే ఇంకా రాలేదు.

అలిపిరి రోడ్డు, మూడో అంతస్తు, రాత్రి డ్యూటీ.
కేసు షీటులో నేనేం రాసినా
ఎస్తేరు సిస్టరు సంతకం పెట్టాల.
నేను చూసిన బీపీ, ఆమె చూసినట్టు.
నిద్ర కళ్లతోనే పెడతాది,
"నీ నంబరొస్తే నా పెన్నుకు సెలవు" అంటాది.

పదకొండో బెడ్డు, పీలేరు మునెమ్మ.
మెట్ల దోవలో కళ్లు తిరిగి పడిందంట,
గుండు మీద గంధం ఇంకా ఆరలేదు.
అప్పటికే మూడు చోట్ల గుచ్చి వదిలిన చెయ్యి
నా ఒళ్లో పెట్టి
"నువ్వన్నా పట్టుకో పాపా" అనింది.
దొరికింది.
నరం నంబరడగలేదు.

ప్లాస్టరు మీద తేదీ రాస్తా ఉంటే
"అదేందిమే?"
"మూడు దినాలకు మార్చాలవ్వా, గడువు."
"సూదికి గూడానా!"
నవ్వినా.
నా కాగితానికి పదిహేడు దినాలుండాయని
చెప్పలేదు.

తెల్లారుజామున ఫోను తీసి చూస్తే
కౌన్సిలుది అదే మాట: పరిశీలనలో ఉంది.
జేబులో పెట్టేసి
మునెమ్మ సెలైను చుక్కలు లెక్కేసినా.
నిమిషానికి ఇరవై.
షీటులో ఎక్కించి, ఎప్పటి మాదిరే
కింద రెండు గీతల చోటు వదిలినా,
ఎస్తేరు సిస్టరుకు.