ఒక బుట్టెడు ఆపిల్స్

హార్లింగెన్ రేవులో గాలి ఎప్పుడూ ఉప్పగానే ఉంటుంది.
మా మ్యూజియం అంటే మూడు గదులు, ఒక పెంకుల పొయ్యి,
తడిసిన గొడుగులు నిలబెట్టే ఇత్తడి కుండ.
అద్దాల వెనక వస్తువులకి చీటీలు రాయడం నా పని,
నలభై మాటలు మించకూడదు.

ఈ వారం సైబ్రాండ్ వంతు.
గడియారాలు చేసేవాడు. పెళ్ళి కాలేదు.
పదిహేడువందల నలభై మూడు ఫిబ్రవరిలో దగ్గుతో పోయాడు.
అతనింట్లోనే ఉండేవాడు యెల్మర్, తెరచాపలు కుట్టే మనిషి.
పాత చీటీ మీద "మిత్రుడు" అని ఉంది.
పక్కన ఎవరో పెన్సిలుతో, "మిత్రుడేనా?"
ఇప్పుడు కమిటీవారు రాయమంటున్నది:
"అంతకు మించిన బంధమని కొందరు నమ్ముతారు."

నమ్ముతారు.
దేవుణ్ణి నమ్మినట్టా, అప్పిచ్చి నమ్మినట్టా?
ఒక మనిషి ఇంకో మనిషికి ఇరవై రెండేళ్ళు
చేపలో ముళ్ళు ఏరి పెడితే
చరిత్ర దాని తోకకి ఒక "అట" కట్టి వదిలేస్తుంది.
పక్క గదిలో ఉన్న మేయరు
తన భార్యని ఎంతో ప్రేమించాడని మేమే రాశాం.
రుజువేదని ఎవరూ అడగలేదు.

నా దగ్గర రెండు కాగితాలున్నాయి.

మొదటిది సైబ్రాండ్ ఖర్చుల పుస్తకం.
నూనె, ఇత్తడి తీగ, పిల్లికి చేప తలలు.
ఏటా అక్టోబరులో ఒకటే వాక్యం:
"ఆపిల్స్ యెల్మర్ మంచం మీద పరిచాను,
ఒకదానికొకటి తగలకుండా."
దాని కిందే: "బుట్ట కొనాలి."
ఇరవై రెండు అక్టోబర్లు. బుట్ట కొన్న జాడ లేదు.
చలి పోయేదాకా ఆ మంచం ఆపిల్స్‌దే.
మరి యెల్మర్ ఎక్కడ పడుకునేవాడో
పుస్తకం చెప్పదు.

రెండోది నోటరీ టియెర్డ్ జాబితా.
చావు జరిగిన మూడోనాడు వచ్చి
చెంచాలతో సహా ఇల్లంతా లెక్కపెట్టాడు.
ఆ రోజుల్లో ఇలాంటి మాట కాగితమెక్కితే
మనిషి మెడ దాకా వచ్చేది.
అతను అటక ఎక్కే ఉంటాడు.
చూసే ఉంటాడు. చూడకపోయినా
మగ్గిన ఆపిల్స్ వాసన తలుపేస్తే ఆగేది కాదు.
రాసింది మాత్రం ఇది:

"మంచం ఒకటి, చనిపోయినవానిది.
మంచం ఒకటి, యెల్మర్‌ది, దుప్పటితో సహా.
ఆపిల్స్, ఒక బుట్టెడు."

లేని బుట్ట.
సిరాతో అల్లాడు, అప్పటికప్పుడు,
కొయ్యబారిన వేళ్ళతో.
ఒక్కో పండూ మంచం మీంచి తీసి అందులో వేశాడు.
జాలి పడ్డాడా, తెరచాప బాకీ ఏమైనా ఉందా,
తన ఇంటి అటక గుర్తొచ్చిందా,
నాకు తెలీదు.

పదకొండేళ్ళు మా అమ్మకి
రైనర్‌ని "అద్దె పంచుకునేవాడు" అనే చెప్పాను.
ప్రతి క్రిస్మస్‌కీ రెండు జతల మేజోళ్ళు
ఒకే పొట్లంలో పంపేది.
ఒక్కసారీ ఏమీ అడగలేదు.
ఈ బుట్టల అల్లిక వీళ్ళకి ఎవరు నేర్పుతారో.

నాలుగింటికే చీకటి పడింది. చీటీ రాశాను.
నలభై మాటలు కూడా పట్టలేదు:
"మంచం, ఓక్ చెక్క.
యెల్మర్‌దని నోటరీ జాబితా.
ఆపిల్స్‌దని ఇంటి యజమాని లెక్కలు."
కమిటీ ఒప్పుకుంటుందో లేదో.

తాళాలు వెతుక్కుంటుంటే ఫ్రౌకే వచ్చింది, నేల తుడవడానికి.
అద్దానికి ముక్కు ఆనించి చదివింది.
"ఇంత ఇరుకు మంచంలో ఇద్దరా?"
"ఇది కాదు. ఇది రెండోది.
మొదటిది మనకి దొరకలేదు."

"అరిగిపోయుంటుందిలే," అంది
బకెట్టు ఎత్తుకుంటూ.