పులుసులో ఉప్పు

కాశీబుగ్గలో పదేళ్లు జీడిపిక్కలు కొట్టాను.
వేళ్లు నల్లబడితే
"జీడి కాల్చిందా?" అని ఎవరైనా అడుగుతారు.

ఈసారి కాలిందెక్కడో నాకే తెలీలేదు.
మూడు నెలలు తల దువ్వలేదు.
చప్పనైనా, ఉప్పుకశమైనా ఒకటే ముద్ద.
అత్త బద్ధకమంది. మరిది గాలి సోకిందన్నాడు.

ఊర్మిళ ఏమీ అనలేదు.
గుమ్మంలో కూకుని నా జడ చిక్కు తీసింది,
రెండు పూటలు పట్టింది.
"రేపు సికాకులం పెద్దాసుపత్రికెల్దుం. బస్సు డబ్బులు నానిస్తాన్లే."

మాత్రలు వెంటనే పనిచెయ్యలేదు.
నేనూ అంతే.
డాక్టరమ్మ వారంవారం అడిగేది,
కొంచెం కొంచెం చెప్పేదాన్ని.

ఇప్పుడు సగం తట్ట కొడుతున్నాను.
విరిగిన పప్పునీ తూకమేస్తారు.
దువ్వెన ముట్టని రోజులు రెండైతే
ఊర్మిళకి చెప్పాలని ఒప్పందం.

మొన్న దాని పులుసు నోట పెట్టి
"ఏటే, ఇంతుప్పా!" అని కసిరాను.
తిట్లు తింటూ
పడీ పడీ నవ్వింది.