ఆగిన నిమిషాలు

బోర్డు కొనలేదు మేము.
మూల విరిగి రిజెక్టయిన నల్ల నాపరాయి ఒకటి
షెడ్డు గోడకు ఆనించి
ఇదే బోర్డన్నాడు కొత్త మేనేజరు చక్రపాణి.
తాడిపత్రిలో రాయికి కరువా!

టెన్త్ దాకా చదివిన పాపానికి
సుద్దముక్క నా చేతికొచ్చింది.
అయిదు గళ్ళు గీసినా:
గంట, అనుకున్నది, అయింది,
ఆగిన నిమిషాలు,
ఎందుకు.

నాలుగు గళ్ళూ నిండేవి.
అయిదోది మాత్రం
ఎండాకాలం పెన్న మాదిరి, పేరుకే.
ఎవరినడిగినా ఒకటే మాట, కరెంటు పోయిందని రాసుకో.
కరెంటును తిట్టినా తిరిగి ఏడ్వదు,
దాని కూలిలో ఎవురూ కోత కోయరు.
ఆ నెల మా రాతల ప్రకారం
ఊరి మొత్తం మీద మా షెడ్డుకొక్కదానికే చీకటి.
పక్క షెడ్డులో రంపం తిరుగుతానే ఉండేది.

పాత మేనేజరు నాటి లెక్క వేరే.
ఆయన గొంతే మాకు గడియారం.
పొద్దుగూకితే ఎన్ని పగిలినాయని అరిచేటోడే గానీ
ఎట్ల పగిలినాయని అడిగినోడు కాదు.
నూటికి పదకొండు పలకలు పోతే
ఆరు చెప్పేవాళ్ళం.
అయిదు, బురద దిబ్బ మింగేది.

దస్తగిరి మామది పాలిష్ మిషను.
ఇరవై రెండేళ్ళు దాని పక్కన నిలబడి
ఎడమ చెవి దానికే ఇచ్చేసినాడు.
మిగిలిన చెవితో దాని కడుపులో ఏముందో చెప్తాడు.
ఒక మంగళవారం పదకొండు గంటల వరసలో
నలభై నిమిషాలు పడింది.
కరెంటేనా మామా, అన్నా అలవాటుగా.
“కాదమ్మే. నేనే ఆపినా.
బేరింగు ఏడుస్తాండాది.
ఆపకుంటే పలకలన్నీ పోతాయి.
కింద నా పేరు గూడా రాయి.”
నాకే భయమేసి
పేరు చిన్నక్షరాలతో రాసినా.

మధ్యాన్నం చక్రపాణి వచ్చి
శానాసేపు ఆ రాయి ముందర నిలబడినాడు.
సద్ది గిన్నెల మూతలు సగం తీసి
షెడ్డంతా చూస్తాంది.
సుద్ద ఇయ్యమని చెయ్యి చాపినాడు.
దస్తగిరి పేరు కింద వంకర రాతతో,
‘బేరింగు చీటీ తొమ్మిది దినాలుగా నా టేబుల్ మీదే ఉంది.
తప్పు నాది. చక్రపాణి.’

అంతే. ఉపన్యాసం లేదు.
మర్నాటి నుంచి అయిదో గడి ఇరుకైపోయింది.
తొట్టిలో మట్టి పేరుకొని నీళ్ళు రాలేదు, చింతలరాయుడు.
బిళ్ళ అరిగింది, స్టోరు తాళం ఓనరింట్లో ఉంది.
నిద్రొచ్చింది, రాత్రి షిఫ్టూ నేనే చేసినా, ఓబుళపతి.
తాళం ఇల్లు వదిలి షెడ్డు మేకుకు వచ్చింది.
తొట్టి కడిగే దినం ఏర్పడింది.
ఉగాది నాటికి నూటికి నాలుగే పగిలేవి,
నాలుగుకు నాలుగూ రాసేవాళ్ళం.
ఓనరు మైసూరుపాకు పంచినాడు.

ఇంకొకటుంది, చెప్పకుండా పోలేను.

అంచులు కోసే కాడ రామాంజినమ్మ.
ఒక గంటలో ఏడు నిమిషాలు ఆగింది.
ఎందుకక్కా అంటే
కొంగు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గింది.
అదే జవాబు.
‘దగ్గు’ అని రాసినా.
మరుసటి గంటా అదే మాట. ఆ మరుసటి గంటా.
చక్రపాణి సుద్ద తీసుకున్నాడు,
వేళ్ళలో తిప్పినాడు,
ఏమీ రాయకుండా జేబులో ఏసుకొని పోయినాడు.

శనివారం సరుకు కొనేవాళ్ళొస్తారు,
ఆ గడి తుడువు, అని ఆఫీసు నుంచి మాట.
ఎవరన్నారో అడగలేదు నేను.
తడిగుడ్డతో తుడిచినా, గట్టిగానే.
రాయి నల్లగా, కొత్త సరుకు మాదిరి మెరిసింది.

రాళ్ళతో బతికేవాళ్ళం, మాకు తెలీనిది కాదు,
నాపరాయి మీద సుద్దరాత
తడి ఉన్నంతసేపే కనపడదు.
రేకుల సందులోంచి ఎండ
మెల్లగా బోర్డు మీదికి జరుగుతాంది,
వాళ్ళ కారు గేటు దాటుతాంటే.