సిగ్గుపొర

ఏటుకూరు రోడ్డు, కలప అడితి వెనక
సున్నంతో నలభై ఏడు అని రాసిన నిద్రగన్నేరు మొద్దు.
రోడ్డు వెడల్పుకి పడిన చెట్ల వరసలో ఆఖరిది.
బేరం కుదరక మూడు వానాకాలాలు నాని ఉంది.

మోకాళ్ల మీద వంగి, చెంప నేలకానించి
దాని అడుగు చూశాను.
తడి చెక్క మీద అరచేతంత పొర,
ఎవరో గంజి వార్చి మరిచిపోయినట్టు.
భూతద్దంలో సన్నటి రంధ్రాలు,
మిల్లీమీటరుకి ఎనిమిది.

"తాకండి మేడం, సిగ్గుపడుద్ది"
అంది నాగూర్‌బీ, రంపప్పొట్టు గంపకెత్తుతూ.

వేలితో నొక్కాను.
ఏమీ లేదు.
సుభానీ మిషను ఒక దూలాన్ని నిలువునా కోసి
రెండో దాని మీదికి పోయేంత సేపు
ఏమీ లేదు.
అప్పుడు నా వేలిముద్ర, గీతలతో సహా,
గోంగూర కాడ రంగులో
మెల్లగా పైకి తేలింది.

ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో వృక్షశాస్త్రం చెబుతున్నాను.
ఆమె ఈ పొట్టు ఊడవబట్టి పందొమ్మిదేళ్లు.
"ఏమంటారు దీన్ని?"
"సిగ్గుపొర. నేనే అంటా. ఇంకెవురికి పని?"

      *

కార్తీకంలో తెచ్చిన ముక్క, ఫాల్గుణమైనా తెమల్లేదు.
ల్యాబు కిటికీలు ఎంత బిగించినా
యార్డు ఘాటు సందు చూసుకుని వస్తుంది.
బ్లేడుతో గీసిన పలక, వెంట్రుక కన్నా పల్చనిది,
నా తుమ్ముకి ఎగిరిపోయింది.
రెండుసార్లు.

రంగు రాయాలి.
విదేశాల నుంచి తెప్పించిన రంగుల పట్టీలో
వెన్న ఉంది, దంతం ఉంది, ఎండుగడ్డి ఉంది.
ఇది ఆ మూడూ కాదు.
మిరప గింజ రంగు, అని రాసి
కొట్టేసి
మళ్లీ అదే రాశాను.

ముప్పై బీజాలు కొలవాలి.
జీడిపప్పులా వంగినవి,
ఒకదాని తోక ఒకటి పట్టుకుంటే
మిల్లీమీటరులో రెండు వందలు సర్దుకుంటాయి.
ఇరవై ఆరో దాని దగ్గర కరెంటు పోయింది.
మళ్లీ ఒకటి నుంచి.

దగ్గరి జాతుల నుంచి తేడాలు:
ఈ పేరా అన్నదమ్ముల పంపకం కాగితంలా ఉంటుంది.
బర్మాలో ఉన్న అక్కకి రంధ్రాలు పెద్దవి.
బ్రెజిల్ చెల్లెలు తాకితే నల్లబడుతుంది.
కేరళలో వరసకి వదిన ఉంది గానీ
అది వెదురు తప్ప ముట్టదు.
మన పిల్లకి నిద్రగన్నేరు చాలు,
అదీ చచ్చాక.

      *

పేరు మిగిలింది.
"నీ పేరు పెడతాను" అన్నాను అడితికి పోయి.
నాగూర్‌బీ నెత్తిన గంప దించలేదు.
"చెక్కని తినేదానికా నా పేరు?
సేటు చూశాడంటే కూలిలో కోత్తాడు.
మీదే పెట్టుకోండి."
సొంత పేరు పెట్టుకోవడం మా వాళ్లలో
మర్యాద కాదని చెప్పాను.
పాపం, నమ్మలేదు.
చివరికి లాటిన్లో రెండు మాటలు కుదిరాయి,
రెండో దానికి అర్థం 'ఎర్రబడేది' అని.

వస్తూ వస్తూ వెనక్కి వెళ్లి చూశాను.
నలభై ఏడు లేదు.
అది పడుకున్న మేర నేల ఇంకా చెమ్మగా ఉంది,
రెండు జెర్రులు తొందరగా పోతున్నాయి.
గురువారం ఇటుక బట్టీకి తోలేశారట.

దొరికిన చోటు రాయడానికి
ఊరు, రోడ్డు, అక్షాంశం, రేఖాంశం గళ్లున్నాయి.
'ఉంది', 'ఉండేది' రాయడానికి గడి లేదు.

ఖాకీ కవర్లో ఎండిన ముక్క ఒక్కటే ఇప్పుడు ఆ జాతికి సాక్షి.
ఆశకొద్దీ వేలు పెట్టి నొక్కాను,
ఒకసారి, టిఫిను తినొచ్చి ఇంకోసారి.
'ఎండిన నమూనాలో ఈ లక్షణం కనిపించదు.'
అదీ రాయాలి.
రాశాను.

పరిశీలకుడి నుంచి ఉత్తరం వచ్చింది.
'స్థానిక నామం సిగ్గుపొర అన్నారు. ఆధారం?'
నాగూర్‌బీ, అడితి కూలీ, నోటిమాట.
'ఎందరి వాడుకలో ఉంది?'
ఒకరు, అని రాశాను.
కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని
ఆ మాట కొట్టేసి,
ఇద్దరు, అని దిద్దాను.