చదివి వినిపించగా

సోంపేట కోర్టులో ఇరవయ్యొక్కేళ్లు
సాక్షులు చెప్పింది టైపు కొట్టాను.
చెప్పింది అన్నాను గాని
వాళ్లు చెప్పింది వేరు, నేను కొట్టింది వేరు.

ఆ రోజు బోనులో బెవర దాలమ్మ.
పిక్కలు కొట్టి కొట్టి, జీడి తగిలి
పది వేళ్ల కొసలూ నల్లగా కాలి ఉన్నాయి.
ప్రమాణం చెయ్యమంటే ముందు ఆ చేతులు వెనక్కి దాచుకుంది.

"మా గుంటని కొట్టీసినాడు బాబూ.
రాలిన పిక్కలేరుకుందని గట్టు మీంచి తోసీసినాడు.
ఎవులూ అడ్డు రానేదు. నానెల్లేసరికి
కూకుండిపోనాది. మరి నెగనేదు."

జడ్జిగారిది తెనాలి దగ్గర. మంచివాడే.
కళ్లజోడు తీసి తుడుచుకుని
"గుంటను కొట్టడమేమిటమ్మా,
గుంట తవ్వాడా, పూడ్చాడా?" అన్నారు.
వెనక బెంచీల్లో నవ్వు. ప్లీడర్లు కూడా.
ఒకప్పుడు "ఒరే గుంటడా" అంటే
పరిగెత్తుకొచ్చి పలికినవాళ్లే అందరూ.

"గుంట అంటే ఆడపిల్ల సార్" అన్నాను లేచి.
పక్కింటివాళ్ల సంగతి చెబుతున్నట్టుంది నా గొంతు.

టైపు పరీక్షకి గుంటూరులో నెల్లాళ్లున్నాను.
గదిలో కుర్రాళ్లు "ఒకసారి ఏటి అనరా, టీ పోయిస్తాం" అనేవారు.
నాలుగుసార్లు అన్నాను. టీ బాగానే ఉంది.
ఆ తర్వాతే మధ్యలో ఒక "మి" కట్టించుకున్నాను
పెట్టుడు పన్నులా.
ఏమిటి, ఏమిటి, ఏమిటి.
ఇప్పుడు ఇంట్లో మా ఆవిడ అంటుంది,
"నీతో మాటాడితే నోటీసొచ్చినట్టుంటాది" అని.

మా మాట కొస కాస్త పైకి లేస్తుంది,
బారువ ఇసకదిబ్బ ఎక్కి
అవతల సముద్రం ఉందో లేదో చూసినట్టు.
"వొచ్చినాడు" అంటే వచ్చాడనే.
పై ఊరి చెవికి అది వచ్చాడా అని వినపడుతుంది.

"అడుగుతున్నావా, చెబుతున్నావా?" అన్నారు జడ్జిగారు.
"సెప్తన్నాను బాబూ."
అదీ అడిగినట్టే ఉంది.

కొట్టాడు వేరు, కొట్టీసినాడు వేరు.
మొదటి మాటలో చెయ్యి లేచి పడుతుంది, అంతే.
రెండోదాంట్లో పడిన చెయ్యి దులుపుకుని
మనిషి వెళ్లిపోతాడు కూడా.
ఇక ఎవరూ దాన్ని వెనక్కి తీసుకోలేరు.
ఆ దీర్ఘానికి నా మిషన్ మీద మీట ఉంది.
నొక్కలేదు.

"ముద్దాయి నా మైనరు కుమార్తెను చేతితో కొట్టెను.
గట్టుపై నుండి క్రిందకు నెట్టెను.
ఆ సమయమున ఎవ్వరును అడ్డుపడలేదు.
నేను చేరునప్పటికి ఆమె కూర్చుండి యుండెను.
పిమ్మట లేవజాలకపోయెను."

రాసింది చదివి వినిపించాలి, అది రూలు.
వినిపించాను. దాలమ్మ తల వాల్చి
ఒక్క అక్షరం పోనివ్వకుండా వింది.
మధ్యలో ఒకసారి కొంగుతో కళ్లొత్తుకుంది.
అయ్యాక నా వైపు వంగి, మెల్లగా:

"ఎవులు బాబూ ఆవిడ? శానా బాగా సెప్పినాది.
ఆవిడ గుంటని కూడా కొట్టీసినాడేటి?"

చదివి వినిపించగా సరియని ఒప్పుకొనెను
అనే ముక్క కాగితం అడుగున ముందే అచ్చేసి ఉంటుంది.
సిరా ప్యాడ్ జరిపాను. వేలు పట్టి అద్దించాను.
గీతల్లేవు ఆ ముద్రలో,
నున్నటి నల్లటి మచ్చ.

సాయంత్రం బస్సులో
"ఎక్కడికండీ?" అన్నాడు కండక్టరు.
"కాశీబుగ్గ" అన్నాను.
ఆ రోజెందుకో కొస పైకి లేచింది.
"ఎల్తాది, ఎల్తాది. కూకోండి" అన్నాడు.